వైన్స్ దారి తెలుసు, మీటింగ్ దారేది?

మద్యానికి పూర్తిగా బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక రకమైన చికిత్సో సాయమో అందుతోందని 2019లో వెలువడిన జాతీయ సర్వే చెప్పింది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ తరఫున ఢిల్లీ ఎయిమ్స్ చేసిన సర్వే అది. ఆసుపత్రిలో చేరి వైద్యం చేయించుకున్నవారైతే 180 మందిలో ఒక్కరు. అలా బానిసలైనవారు దేశంలో సుమారు 2.9 కోట్ల మంది ఉన్నారని అదే సర్వే అంచనా. మిగతా 37 మంది చేతులు ముడుచుకు కూర్చున్నారని దీనర్థం కాదు. గుళ్లో ఒట్టు పెడతారు. బిడ్డ తల మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తారు. పెద్దమనుషుల పంచాయితీలో తిట్లు తింటారు. ఇంట్లోవాళ్లు గోడ మీది నంబరుకు ఫోన్ చేసి, తెలియకుండా అన్నంలో కలిపే పొడి తెప్పిస్తారు. ఇన్ని జరిగినా చాలామంది జీవితంలో ఎన్నడూ జరగని పని ఒకటుంది. అది తాగుడు మానేసిన ఇంకో మనిషి పక్కన కూర్చుని మాట్లాడటం.

ఆ ఒక్క పని కోసమే తాగుడు మానాలనుకునేవాళ్ల మీటింగులు పుట్టాయి. వీటిలో పెద్దది ఆల్కహాలిక్స్ అనానిమస్, వాడుకలో ఏఏ. దాదాపు 180 దేశాల్లో లక్షా 20 వేలకు పైగా గ్రూపులు, సుమారు 20 లక్షల మంది సభ్యులు ఉన్నారని ఆ సంస్థ అంచనా. మన దేశంలో అడుగుపెట్టింది 1957లో. హైదరాబాద్, విశాఖపట్నం లాంటి నగరాల్లో మీటింగులున్నాయి, తెలుగులో సాగేవీ ఉన్నాయి. అయినా అర్ధరాత్రి బెల్టు షాపు ఏ సందులో తెరిచి ఉంటుందో చెప్పగల ఊరు, పక్క పట్టణంలో మీటింగ్ ఏ వారం ఏ గదిలో జరుగుతుందో చెప్పలేదు. చాలాచోట్ల డాక్టరు కూడా చెప్పలేడు. ఇన్నేళ్లుగా నడుస్తున్న ఈ పద్ధతి నిజంగా పనిచేస్తుందా, ఎవరికి చాలదు, మనవాళ్ల దాకా ఎందుకు రావడం లేదు అన్నవి కలిపి చూడాల్సిన ప్రశ్నలు.

మొదలు ఎక్కడో చూస్తే దీని గుట్టు సగం తెలుస్తుంది. 1935 మే నెల, అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, ఏక్రన్ పట్టణం. న్యూయార్క్ స్టాక్ మార్కెట్ వ్యవహారాల మనిషి బిల్ విల్సన్ ఒక కంపెనీ పని మీద వచ్చాడు. ఆ పని బెడిసికొట్టింది. మేఫ్లవర్ హోటల్ లాబీలో ఒంటరిగా నిలబడ్డాడు. తాగుడు మానేసి అప్పటికి అయిదు నెలలు. ఒక పక్క బార్, ఇంకో పక్క ఊళ్లోని చర్చిల జాబితా. బార్‌లోకి వెళ్లకుండా జాబితాలోని ఒక పాస్టర్‌కు ఫోన్ చేశాడు. ప్రార్థన చేయమని అడగలేదు, మంచి మాట చెప్పమనీ అడగలేదు. తాను మాట్లాడటానికి ఈ ఊళ్లో ఇంకో తాగుబోతు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. ఫోన్ల మీద ఫోన్లు చేయగా డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్ దొరికాడు. పావుగంటకు మించి కూర్చోనని బాబ్ ముందే షరతు పెట్టాడు. ఇద్దరి మాటలూ ఆ సాయంత్రం ఆరు గంటలకు పైగా సాగాయి. బాబ్ తరవాత ఒకసారి మళ్లీ జారాడు. చివరిసారి తాగింది జూన్ 10న. ఏఏ తన పుట్టినరోజుగా లెక్కపెట్టుకునేది ఆ తేదీనే.

తాగితే కాలేయం ఏమవుతుందో ఒక సర్జన్‌కు స్టాక్ బ్రోకర్ చెప్పనక్కర్లేదు. భార్య ఎంత ఏడుస్తోందో కూడా బాబ్‌కు తెలుసు. తెలియనిదల్లా, తనలాగే తాగి తనలాగే అబద్ధాలాడిన మనిషి ఇప్పుడు తాగకుండా ఎదురుగా కూర్చోగలడన్న సంగతే. అటు విల్సన్ వచ్చింది బాబ్‌ను ఉద్ధరించడానికి కూడా కాదు, ఆ పూట తాను తాగకుండా గట్టెక్కడానికి. సాయం చేసేవాడికీ అందుకునేవాడికీ అవసరం సమానం కావడమే ఈ పద్ధతికి ఆయువుపట్టు. కౌన్సెలర్ దగ్గర అది దొరకదు, మామయ్య మందలింపులో అసలే దొరకదు.

నిజానికి ఈ ఆలోచన అంతకు 95 ఏళ్ల ముందే పుట్టి చచ్చింది. 1840లో బాల్టిమోర్‌లో ఆరుగురు తాగుబోతులు ఒట్టు పెట్టుకుని వాషింగ్టోనియన్లు అనే సంఘం పెట్టారు. కొన్నాళ్లకే లక్షల్లో జనం చేరారు. 1842లో అబ్రహాం లింకన్ వాళ్ల సభలో ఉపన్యసించాడు. తరవాత ఆ సంఘం మద్యనిషేధం గొడవల్లో, రాజకీయాల్లో తలదూర్చి కొద్ది ఏళ్లలోనే చెదిరిపోయింది. ఏఏ ఆ దారిన పోలేదు. ఏ ఉద్యమాన్నీ సమర్థించదు, వ్యతిరేకించదు. మద్యనిషేధం మీద దానికి అభిప్రాయమే లేదు. బయటివాళ్ల దగ్గర చందా తీసుకోదు. దీన్ని తప్పుకుతిరగడం అనుకునేవాళ్లున్నారు. నా మట్టుకు అదే దాన్ని బతికించింది.

ఇంతకీ లోపల జరిగేదేమిటి? ఏ స్కూల్లోనో, చర్చి పక్క హాల్లోనో ఒక గది. ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు ఏఏ సభ్యులు ఒక్కొక్కటిగా పాటించే పన్నెండు మెట్ల చార్టు, ఫ్లాస్కులో టీ. ఆ రోజు నడిపించేవాడు పదవిలో ఉన్నవాడు కాదు, వంతు వచ్చినవాడు. చేరడానికి మానాలన్న కోరిక ఒక్కటి చాలని, ఫీజు లేదని, ఏ మతంతోనూ పార్టీతోనూ సంబంధం లేదని చదువుతాడు. తరవాత ఒక్కొక్కరు తమ పేరు చెప్పి, తాము ఆల్కహాలిక్‌లమని చెప్పి, తమ కథ మొదలెడతారు. ఇంటిపేరు అడగరు. మన దగ్గర ఇంటిపేరు అడగకపోవడమంటే కులం అడగకపోవడమే. ఈ ఒక్క నియమం విలువ అమెరికాలో కంటే మన గడ్డ మీదే ఎక్కువ.

ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు అడ్డురారు, తప్పుపట్టరు, సలహా ఇవ్వరు. నువ్వు ఇలా చెయ్యాల్సింది అన్న మాట వినబడదు, నాకు ఇలా అయింది అన్న మాటే. డ్యూటీలో తాగి సస్పెండైన కండక్టరు, తల్లి పెన్షన్ డబ్బు తాగేసిన కొడుకు, కూతురి పెళ్లి పందిట్లో పడిపోయిన తండ్రి, ఇలాంటి కథలే అన్నీ. మధ్యమధ్య అందరూ ఘొల్లున నవ్వుతారు. బయటివాళ్లకు ఆ నవ్వు ఎబ్బెట్టుగా ఉంటుంది గానీ, బాత్రూమ్ ఫ్లష్ ట్యాంకులో క్వార్టర్ దాచిన ముచ్చట చెబితే సిగ్గుపెట్టకుండా నవ్వగలిగేది అదే పని చేసినవాళ్లే. చివర్లో డబ్బా తిరుగుతుంది. ఉన్నవాడు వేస్తాడు, లేనివాడు పక్కకు జరుపుతాడు. ఏడాది నిండినవాడికి ఒక బిళ్ల, చప్పట్లు. అంతా లేచాక కొత్తగా వచ్చినవాడి చుట్టూ నలుగురు చేరి, అతని ఫోన్లో తమ నంబర్లు ఎక్కిస్తారు. తాగాలనిపించినప్పుడు, తాగక ముందు ఫోన్ చెయ్యమంటారు. కొంతకాలానికి ఆ నలుగురిలో ఒకరు అతనికి స్పాన్సర్ అవుతారు. మంచీచెడూ చెప్పుకోవడానికి, పన్నెండు మెట్లూ దగ్గరుండి నడిపించడానికి ఒక పాతకాపు అన్నమాట.

ఇక రుజువు సంగతి. పేర్లు రాసుకోని సంస్థను లెక్కగట్టడం కష్టం. అంతకంటే చిక్కు ప్రశ్న ఇంకొకటుంది. మీటింగుకు వచ్చినందువల్ల మానేస్తున్నారా, మానేసే పట్టుదల ఉన్నవాళ్లే మీటింగుకు వస్తున్నారా? 2006లో వైద్య పరిశోధనలను జల్లెడపట్టే కోక్రేన్ సంస్థ సమీక్ష, ఈ పద్ధతి పనిచేస్తుందనడానికి తిరుగులేని ఆధారం కనబడలేదని తేల్చింది. విమర్శకులు చాలాకాలం దాన్నే పట్టుకుని మాట్లాడారు. తరవాత పరిశోధనలు పెరిగాయి. 2014లో కీత్ హంఫ్రీస్ బృందం పాత ప్రయోగాల లెక్కలను కొత్త గణాంక పద్ధతిలో తిరగేసి, పట్టుదల ఉన్నవాళ్లే వస్తారన్న వాదనను పక్కనపెట్టినా మీటింగుల ప్రభావం మిగులుతుందని చూపింది. 2020లో కోక్రేన్ మళ్లీ సమీక్షించింది. 2006 సమీక్ష రాసినవారిలో ఒకరైన మారికా ఫెర్రీ ఇందులోనూ ఉన్నారు. మొత్తం 27 అధ్యయనాలు, 10,565 మంది. ఏడాది తరవాత చూస్తే, ఏఏ వైపు నడిపించే పద్ధతిలో ఉన్నవాళ్లలో నూటికి 42 మంది చుక్క ముట్టకుండా నిలబడ్డారు, ఇతర మానసిక చికిత్సలు తీసుకున్నవాళ్లలో 35 మంది. ఆసుపత్రి ఖర్చులు కూడా తగ్గాయి.

ఆ అంకెలను రెండు వైపుల నుంచీ చదవాలి. ఉచితంగా నడిచే మీటింగుల వైపు నడిపించే పద్ధతి, ఇతర మానసిక చికిత్సలకు తీసిపోలేదు, పూర్తిగా మానే విషయంలో కాస్త మెరుగు కూడా. అదే సమయంలో నూటికి 58 మంది నిలబడలేదు. నూటికి నూరు శాతం గ్యారంటీ అని గోడ మీద రాసేవాడికీ ఈ పద్ధతికీ తేడా అక్కడే. ఇంకో సంగతి, ఈ ప్రయోగాలు ఎక్కువగా అమెరికాలో జరిగినవి. సందు చివర మీటింగ్ దొరికే చోట వచ్చిన ఫలితాలు అవి.

ఎందుకు పనిచేస్తుందన్న దానికి హార్వర్డ్‌కు చెందిన జాన్ కెల్లీ పరిశోధనలు చెప్పే జవాబు నాకు బాగా నచ్చింది. దైవభక్తి కంటే, పన్నెండు మెట్ల కంటే ఎక్కువ పని చేసేది స్నేహితులు మారడం. తాగే జట్టు తగ్గి తాగని జట్టు పెరగడం. తాగుడు ఎక్కువగా ముదిరినవాళ్ల విషయంలో ఆధ్యాత్మిక మార్పుకు కూడా పాత్ర కనిపించింది గానీ, పెద్ద వాటా స్నేహాలదే. మనవాళ్లకు ఇది వివరించి చెప్పనక్కర్లేదు. జీతం రోజు, దావత్, పెళ్లి, చావు, పంచాయతీ ఎన్నికలు, భూమి రిజిస్ట్రేషన్, క్రికెట్ మ్యాచ్, ఏదైనా సరే గ్లాసులు బయటికి తీసే జట్టు ఒకటి సిద్ధంగా ఉంటుంది. ఆ జట్టును వదిలినవాడికి సాయంత్రం ఏడింటికి వెళ్లడానికి ఇంకో చోటు ఉండాలి. లేకపోతే ఏ ఒట్టూ ఎనిమిదింటి దాకా ఆగదు.

మనకు ఇలాంటి చోటు ఒకటుంది, దాన్ని ఇలా చూడటం మనం మరిచాం. అయ్యప్ప దీక్ష. 41 రోజులు మాల, నల్లబట్టలు, చన్నీళ్ల స్నానం, పీఠం దగ్గర సాయంత్రం భజన, ఒకచోట భిక్ష. కూలీ అయినా కలెక్టరైనా అందరూ స్వాములే. దారి చూపడానికి ముందే వెళ్లొచ్చిన గురుస్వామి. ఏళ్ల తరబడి తాగిన మనిషి ఆ 41 రోజులు ముట్టడు. ఇంట్లోవాళ్లు ఆశ్చర్యపోతారు. మీటింగులో ఉన్న బలాలు చాలావరకు ఇక్కడా ఉన్నాయి: జట్టు, సమానత్వం, ముందు నడిచినవాడు, రోజూ కలిసే వేళ. లేనిది ఒకటే. శబరిమల నుంచి వచ్చి మాల తీసిన సాయంత్రానికి ఆ జట్టు చెదిరిపోతుంది. నలభైరెండో రోజు గురించి దీక్ష మాట్లాడదు, మీటింగ్ మొత్తం ఆ రోజు గురించే. పీఠాల దగ్గర ఉన్న గురుస్వాములు మాల తీసేటప్పుడు దగ్గర్లోని మీటింగ్ చిరునామా ఒకటి చేతిలో పెడితే ఎంత మేలో!

ఇక్కడే ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే, దీక్ష కోసమైనా మీటింగ్ మాట విన్నా, ప్రాణం మీదికి రావచ్చు. మొదట చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. చివరిసారి తాగిన తరవాత 6 నుంచి 48 గంటల్లోపు ఫిట్లు రావచ్చు. రెండు మూడు రోజులకు మతి తప్పి, లేని మనుషులు కనిపించి, లేని మాటలు వినిపించవచ్చు. దీన్ని గాలి సోకిందనుకుని భూతవైద్యుడి దగ్గరికి తీసుకెళ్లే ఇళ్లు ఇంకా ఉన్నాయి. 2020 లాక్‌డౌన్‌లో వైన్ షాపులు ఒక్కసారిగా మూతపడ్డాక హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలాంటి కేసులు వరసకట్టాయి. కల్తీ కల్లు అలవాటైనవాళ్ల పరిస్థితి ఇంకా చెడ్డది. అందులో కలిపే ఆల్ప్రజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివాటిని శరీరం విడిగా అడుగుతుంది. కాబట్టి ముందు డాక్టరు, తరవాత మీటింగ్. విషం దిగే ఆ వారం పది రోజులు ఆసుపత్రి పని, అక్కడి నుంచి మిగతా జీవితమంతా మీటింగ్ పని. 1991లో అమెరికాలో 227 మంది ఫ్యాక్టరీ కార్మికుల మీద జరిగిన ప్రయోగంలో నేరుగా ఏఏకి మాత్రమే పంపినవాళ్ల కంటే, ముందు ఆసుపత్రిలో ఉండి తరవాత ఏఏకి వెళ్లినవాళ్లే బాగా నిలబడ్డారు.

మందుల గురించి కూడా ఒక మాట. నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటివి డాక్టరు రాస్తే వాడుకోవచ్చు. మీటింగులో ఎవరైనా పాత సభ్యుడు మాత్రలు కూడా మత్తే, మానెయ్ అంటే ఆ మాట వినొద్దు. సభ్యులు ఒకరికొకరు వైద్య సలహాలు ఇవ్వొద్దని ఏఏ సంస్థే చెబుతుంది. డైసల్ఫిరామ్ అనే మాత్ర వేసుకుని తాగితే ఒళ్లంతా ఎర్రబడి, గుండె దడ పుట్టి, వాంతులవుతాయి. తెలిసి, ఒప్పుకుని, డాక్టరు కనిపెట్టి ఉండగా వాడితే అది మందు. అతనికి తెలియకుండా సాంబారులో కలిపితే ప్రాణాలతో చెలగాటం.

బలవంతం విషయంలోనూ ఇదే తంతు. అర్ధరాత్రి వ్యాన్ పంపి, కాళ్లూ చేతులూ కట్టి తీసుకెళ్లే ప్రైవేటు డీ-ఎడిక్షన్ సెంటర్లు మన నగరాల చుట్టూ తక్కువేం లేవు. మద్యం వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కిందికి వస్తాయి. అలాంటి చోటుకు రిజిస్ట్రేషన్ ఉండాలి, లోపలున్న మనిషికి హక్కులుంటాయి. చేర్చేముందు రిజిస్ట్రేషన్ కాగితం చూపించమని అడగండి. విసుక్కున్నారా, అక్కడి నుంచి లేచి వచ్చేయండి. మంచి సెంటర్‌కు ఇంకో గుర్తు ఉంది: లోపల ఉండగానే మీటింగ్ జరిపిస్తారు, ఇంటికి పంపేటప్పుడు ఊరికి దగ్గర్లోని గ్రూపుతో పరిచయం చేసి పంపిస్తారు.

ఏఏ మీద పాత పేచీ దేవుడితో. పన్నెండు మెట్లలో దేవుడు, మనకంటే గొప్ప శక్తి అనే మాటలు పదేపదే వస్తాయి. ఎవరికి తోచిన దేవుణ్ని వారు పెట్టుకోవచ్చని, గ్రూపునే ఆ శక్తి అనుకోవచ్చని వాళ్లు చెబుతారు. అమెరికాలో కోర్టులు నేరస్థులను ఏఏకి బలవంతంగా పంపడం మతస్వేచ్ఛకు విరుద్ధమని 1996 నుంచి తీర్పులొచ్చాయి. హైదరాబాదీ నాస్తికుడికి చర్చి హాల్లో కుర్చీ ఇబ్బందిగానే ఉండొచ్చు. నేనైతే మొదట వెళ్లి కూర్చుని, దేవుడి సంగతి ఆరు నెలల తరవాత తేల్చుకోమంటాను. అయినా కుదరనివాళ్లకు వేరే దారులున్నాయి. అమెరికాలో 1994 నుంచి నడుస్తున్న స్మార్ట్ రికవరీలో దేవుడి ఊసు లేదు, ఆలోచనల తీరు మార్చుకునే సాధన ఉంటుంది. ఒకరి మాటకు ఇంకొకరు బదులివ్వొచ్చు. ఇంటర్నెట్లో చేరొచ్చు. 1975లో జీన్ కర్క్‌పాట్రిక్ ఆడవాళ్లకు మాత్రమే విమెన్ ఫర్ సొబ్రయిటీ పెట్టింది. ఓటమిని ఒప్పుకోవడం, అహం చంపుకోవడం మగవాళ్లకు మందు కావొచ్చు, ఇంట్లో ఏనాడూ అహమన్నదే చూపించే వీలు లేని ఆడదానికి కావలసింది ఆత్మగౌరవం అన్నది ఆమె వాదన. ఈ వాదనలో పస ఉంది.

మన ఇళ్లకు బాగా అతికేవి మాత్రం ఇంకో రెండు చోట్ల ఉన్నాయి. జపాన్‌లో 1963లో జాతీయ సంఘంగా ఏర్పడిన డాన్షుకైలో పేరు దాచుకోరు, దేవుడి మాట లేదు, భార్య పక్కన కూర్చుంటుంది. అతను ఎన్నాళ్లుగా మానాడో చెప్పాక, ఆ ఇంట్లో ఆ కాలం ఎలా గడిచిందో ఆమె చెబుతుంది. జాగ్రెబ్‌లో 1964లో వ్లాదిమిర్ హుడోలిన్ అనే మానసిక వైద్యుడు మొదలుపెట్టిన క్లబ్బుల్లో సభ్యత్వం మనిషికి కాదు, కుటుంబానికి. పన్నెండు కుటుంబాలు మించకూడదు, మించితే క్లబ్బు రెండుగా విడిపోవాలన్న నియమం ఉంది. ఇటలీలో అవి వందల ఊళ్లకు పాకాయి. మన మండల కేంద్రాల్లో పేరు దాచుకోవడం ఎలాగూ కుదరదు. ఇక్కడ ఒక విచిత్రం చూడండి. తాగి రోడ్డు మీద పడినప్పుడు ఊరంతా చూసింది. మానడానికి ఆ గది గుమ్మం ఎక్కేటప్పుడు మాత్రం ఎవరైనా చూస్తారేమోనని భయం. భార్యాభర్తలు కలిసి వెళ్లే పద్ధతిలో ఆ భయం సగం పోతుంది. మన స్వచ్ఛంద సంస్థలు ఈ కుటుంబ క్లబ్బులను ఒక్క జిల్లాలోనైనా నడిపి చూడాలి.

ఏఏలో కుటుంబానికి విడి గది. బిల్ విల్సన్ భార్య లోయిస్ 1951లో అల్-అనాన్ మొదలుపెట్టింది. 1957లో పిల్లల కోసం అలటీన్ వచ్చింది. భర్త తాగుడు మాన్పించడం ఎలాగో అక్కడ నేర్పరు. సీసాలు పారబోయడం, ఆఫీసుకు ఫోన్ చేసి జ్వరమని అబద్ధం చెప్పడం, అప్పులు తీర్చడం మానేసి తన బతుకు తాను నిలబెట్టుకోవడం గురించే మాట్లాడుకుంటారు. తాగేవాడు మీటింగుకు రానంటే ఇల్లాలు ముందు వెళ్లడానికి అడ్డేమీ లేదు.

ఇలాంటి గది ఎంత బలమైందో తెలుగునేల ఒకసారి చూసింది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు వాచకంలోని పాఠం చదివి, తమ ఇళ్లలో సారా చేస్తున్న పని ఒకరికొకరు చెప్పుకున్నారు. 1992లో అది ఉద్యమమైంది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం వచ్చాయి. 1997లో సంపూర్ణ నిషేధం పోయింది. అప్పటి నుంచి మన చర్చంతా షాపు చుట్టూనే. ఎవరు నడపాలి, ఎంత ధర, ఏ బ్రాండు, ఎంత ఆదాయం. షాపు మూసిన మర్నాడు తాగేవాడు ఎక్కడికి పోవాలన్నది అప్పుడూ చర్చ కాలేదు, ఇప్పుడూ కావడం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో తాగేవారు తెలంగాణలో 43.3 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23.3 శాతం. ఆడవాళ్లలో తెలంగాణలో 6.7, ఆంధ్రలో 0.5. ఆ 6.7 శాతంలో తాగుడు ముదిరిన ఆడమనిషి మగవాళ్లు నిండిన గదిలో తన కథ చెప్పగలదా? కొత్తగా వచ్చిన ఆడవాళ్లను పాత మగ సభ్యులు వలలో వేసుకోవడం అమెరికన్ గ్రూపుల్లోనే పెద్ద ఫిర్యాదు. ఆడవాళ్లకు ఆడ స్పాన్సరే ఉండాలన్నది అక్కడ నేర్చుకున్న పాఠం. ఆడవాళ్ల మీటింగ్ లేని ఊళ్లో ఇంటర్నెట్ మీటింగ్ ఆమెకు మేలు. కెమెరా ఆపేసి, పేరు మార్చుకుని వినొచ్చు.

అమెరికాలో ఉన్న తెలుగువారికి గది కొరత లేదు, అక్కడి ఇబ్బంది వేరు. తాగి బండి నడిపి పట్టుబడితే వీసాకే ఎసరు రావొచ్చు. కోర్టు మీటింగులకు వెళ్లి సంతకాలు చేయించుకు రమ్మంటుంది. సంతకం కోసం వెళ్లి, మాట కోసం ఉండిపోయినవాళ్లు ఆ గదుల్లో చాలామందే ఉంటారు. ఇంగ్లీషులో ఆఫీసు పని చేసుకోగలిగినవాడు కూడా తండ్రి గురించి, సిగ్గు గురించి ఇంగ్లీషులో చెప్పలేడు. అలాంటివాళ్లు ఇంటర్నెట్ ద్వారా ఇండియా మీటింగుల్లో తెలుగు గొంతు వెతుక్కోవాలి.

వెళ్లాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో ఊరి పేరుతో గ్రూపుల జాబితా, ఫోన్ నంబర్లు దొరుకుతాయి. మత్తు అలవాట్ల మీద కేంద్రం నడిపే ఉచిత నంబరు 14446. మానసిక ఆరోగ్యానికి టెలీమానస్ 14416, తెలుగులో మాట్లాడొచ్చు. బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి, గదులూ వేళలూ మారుతుంటాయి. ఓపెన్ మీటింగ్ అంటే ఎవరైనా వెళ్లొచ్చు, క్లోజ్డ్ అంటే తాగుడు సమస్య ఉన్నవాళ్లకే. మొదటిరోజు మాట్లాడనక్కర్లేదు, వింటానంటే చాలు. ఆ రోజు తాగి ఉన్నా వెళ్లొచ్చు, గొడవ చేయకుండా కూర్చుంటే ఎవరూ వెళ్లగొట్టరు. ఒక గ్రూపు నచ్చకపోతే ఇంకో గ్రూపు చూడండి. ఒక్క మీటింగ్ చూసి తేల్చేయకండి, కనీసం అయిదారు చూడండి. మళ్లీ తాగితే మొహం చాటేయకండి. అక్కడున్నవాళ్లలో జారి మళ్లీ వచ్చినవాళ్లే ఎక్కువ.

చివరగా ఈ వ్యాసం చదువుతున్న హెడ్‌మాస్టర్లకు, లైబ్రేరియన్లకు, ఆసుపత్రి సూపరింటెండెంట్లకు, చర్చి, గుడి కమిటీల పెద్దలకు ఒక మనవి. మీ దగ్గర సాయంత్రం ఏడు దాటాక తాళం పడే గది ఒకటి ఉంటుంది. వారానికి ఒక్క సాయంత్రం, గంటన్నర సేపు ఆ తాళం చెవి ఇవ్వండి. దానం అడగడం లేదు. బయటి సాయం తీసుకోకూడదన్నది వాళ్ల నియమం, అద్దె వాళ్లే కడతారు.